మూడు ముక్కలు, ఒకే రంగు

"సాయంత్రం ఐదుకల్లా ఈ మూడూ ఒకే వెండి రంగులోకి రావాలి. పక్కపక్కన పెట్టినప్పుడు ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నీ దారి నీది," అన్నాడు పెద్ద మేస్త్రి.

షెడ్డు గచ్చు మీద ఒక కారు తలుపు, ఒక బానెట్, ఒక బంపర్ పడున్నాయి. మూడింటికీ మూడు రకాల గీతలు. పెయింటర్ పని అడగడానికి వచ్చిన ఆమె చేతిసంచి గోడకి తగిలించి, కొంగు నడుముకి బిగించింది.

"అక్కా, నీకంటే ముందు ముగ్గురు మగాళ్ళొచ్చారు. ఒక్కడూ నిలవలేదు," అన్నాడు పక్కనే సొట్టలు తీస్తున్న డెంటర్.

"కొట్టేది మగాడో ఆడదో రంగుకేం తెలుస్తుంది తమ్ముడూ?" అంటూ ఆమె ఆఫీసు బోర్డు మీదున్న అయస్కాంతం పీకి తెచ్చింది. తలుపుకి టక్కున అతుక్కుంది. బానెట్ మీద పెడితే జారి కింద పడింది.

"తలుపు ఇనుము. ఇది అల్యూమినియం. బంపర్ సరేసరి, ప్లాస్టిక్," అంది తనలో తాను.

తలుపు అంచున తుప్పు ఉంది. తెల్లటి లోహం కనబడేదాకా గీకింది. గుంటల్లో పుట్టీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. బానెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితం పక్కన పడేసి కొత్తది చింపింది.

"బానే ఉందిగా, దాంతోనే రుద్దెయ్యి," అన్నాడు డెంటర్.

"ఇనుప పొడి దీనికి అంటుకుంటే ఆర్నెల్లకి రంగు కింద పొక్కులు లేస్తాయి."

"ఆర్నెల్లకి కదా! నీ పరీక్ష ఈ రోజే."

ఆమె నవ్వి, కొత్త కాగితంతో రుద్దడం మొదలుపెట్టింది. పెద్ద మేస్త్రి కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, కాగితం గీసే చప్పుడు వింటున్నాడు.

బంపర్‌ని సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగింది. ప్లాస్టిక్‌కి రంగు పట్టాలంటే ముందు దాని ప్రైమరే కొట్టాలి. అలమరలో డబ్బా తీసి ఊపితే చుక్క లేదు.

"మామూలు ప్రైమర్ కొట్టెయ్ అక్కా. పైన వెండి రంగు పడ్డాక లోపల ఏముందో ఎవడికి కనబడుతుంది?"

"కనబడదు. వారానికి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది."

అప్పటికి ఒంటిగంట. రంగుల దుకాణం నాలుగు వీధుల అవతల. తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తీయకుండా ఎండలో బయల్దేరింది. తిరిగొచ్చేసరికి ముప్పావు గంట కరిగిపోయింది. "ఇంక అయినట్టే," అన్నాడు డెంటర్, సుత్తి పక్కన పెట్టి. ఆమె గుక్కెడు నీళ్ళు తాగి మాస్కు కట్టుకుంది. దేని ప్రైమర్ దానికి కొట్టింది. వెండి రంగు కలిపి, వడకట్టి, స్ప్రే గన్‌లో పోసుకుని, రంగు కొట్టడానికి గదిలా కట్టిన బూత్‌లోకి వెళ్ళింది. తలుపుకి ఎంత దూరం నుంచి కొట్టిందో బానెట్‌కీ అంతే దూరం నుంచి కొట్టింది. బంపర్ వంకరలు తిరిగి ఉంటుంది. ఆ వంకరల వెంట తానూ వంగుతూ, లేస్తూ కొట్టింది. భుజం లాగేస్తున్నా గన్ చేయి మార్చలేదు. పైన మెరుపు పూత వేసి, బూత్ వేడి పెంచి దాని తలుపు మూసింది.

ఐదుకి పది నిమిషాలుందనగా మూడింటినీ తెచ్చి వరసగా నిలబెట్టింది.

పెద్ద మేస్త్రి లేచాడు. ఒక్కో ముక్క మీదా అరచేయి ఆనించి మెల్లగా నడిపాడు. టేపు ముక్క అతికించి సర్రున లాగాడు. మూడింటికీ లాగాడు. ప్రతిసారీ టేపుని బొటనవేలితో తడిమి చూశాడు. పిసరు కూడా ఊడలేదు.

"పని గట్టిగా చేశావు. రంగు కలిసిందా?"

"కలవకపోవడమా!" అన్నాడు డెంటర్. "ఒకే కారు నుంచి ఊడదీసినట్టున్నాయి."

"నిన్నడగలేదు. అమ్మాయ్, నువ్వు చెప్పు."

ఆమె ఎదురుగా నిలబడి చూసింది. బాగుంది. పక్కకి జరిగి, షెడ్డు తలుపు సందులోంచి పడుతున్న ఎండలో మళ్ళీ చూసింది. బంపర్ ఒక మూల రవ్వంత పాలిపోయింది. డెంటర్ కళ్ళకి అందలేదు. మేస్త్రి తప్పు పట్టలేదు. ఊఁ అంటే చాలు, రేపట్నుంచి పని. ఈ నెలలో గడప తొక్కిన ఐదో షెడ్డు ఇది.

"కలవలేదు మేస్త్రీ," అంది.

డెంటర్ నెత్తి కొట్టుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు.

"వంకర దగ్గర నా చేయి దూరం జరిగింది. అక్కడ తేలిపోయింది. పొద్దున్నే వచ్చి మళ్ళీ కొట్టి వెళ్తాను. మీరు పనిలో పెట్టుకోకపోయినా సరే, నా చేత్తో కొట్టింది అలా వదిలి వెళ్ళలేను."

"ముందొచ్చిన ముగ్గురూ కలిసిందనే అన్నారు. తీరా బిగించాక బండివాళ్ళు తేడా పట్టుకున్నారు," అన్నాడు పెద్ద మేస్త్రి. "తొమ్మిదింటికి రా. రేపట్నుంచి ఈ బూత్ నీది."

ఆమె తెల్లబోయింది. "అదేంటి మేస్త్రీ? తేడా మీకూ కనబడుతోందిగా!"

ఆయన డెంటర్ వైపు చూసి, వాడు వినేంత దూరంలో లేడని తేల్చుకుని, గొంతు తగ్గించాడు.

"లేదు తల్లీ. రంగుల తేడా నా కళ్ళకి ఆనడం మానేసి ఆర్నెల్లయింది."