పిచ్చుక అడిగిన గడ్డి

పిచ్చుక గూటిని పిల్లి లాగేసింది. పిచ్చుకకేమో నాలుగు రోజుల్లో గుడ్లు పెట్టే వేళ. కొత్త గూటికి గడ్డి అప్పు కావాలి. పెరట్లో కోడిపెట్ట ఇస్తుంది కానీ పది పరకలకు పన్నెండు తిరిగివ్వాలి, పైగా ఇంటి గుట్టంతా లాగుతుంది. ఊళ్లన్నీ తిరిగే కొంగల గుంపు పదకొండు చాలంటోంది. పిచ్చుక కొంగల్నే నమ్ముకుంది.

మొదటి రోజు ఒక కొంగ వచ్చి, జరిగిందంతా విని వెళ్లింది. రెండో రోజు ఇంకో కొంగ వచ్చి, "మీ పేరేంటండీ?" అని మొదలుపెట్టింది. పిచ్చుక మళ్లీ అంతా చెప్పింది. మూడో రోజు మూడో కొంగ కూడా మొదటినుంచీ విని, "అంతా బాగుందండీ. మీ పాత గూడు ఒకసారి చూపిస్తే గడ్డి పంపించేస్తాం," అంది.

"అది పోయిందనే కదండీ అడుగుతున్నాను!"

"గూడు చూడందే ఇవ్వమండీ. రేపు మావాళ్లు ఎవరో ఒకరు వస్తారు."

మబ్బు పట్టింది. పిచ్చుక రెక్కలీడ్చుకుంటూ కోడిపెట్ట దగ్గరికి వెళ్లింది.

"గూడు పడిన రోజే వస్తావనుకున్నానే. ఇంతకీ మీ ఆయనేడీ? మళ్లీ ఆ జామతోటలోనేనా?" అంటూనే కోడిపెట్ట గడ్డి ముందుకు తోసింది. పొద్దుగూకేలోపు ఆ మొగుడి సంగతి పెరడంతా తెలిసిపోయింది.

మర్నాడు చూస్తే రెండు పరకలు కుళ్లినవి. పిచ్చుక వెళ్లి గొడవపడింది. కోడిపెట్ట అంతకు రెండింతలు అరిచి, రెండు మంచి పరకలు విసిరింది.

వాన మొదలయ్యేసరికి పిచ్చుక గుడ్ల మీద కూర్చుని ఉంది.

"పోనీలే," అనుకుంది అలసటగా. "ఈవిడతో అయితే నిన్నటి పోట్లాట ఇవాళ మొదటినుంచీ చెప్పక్కర్లేదు."