తిన్నగానే నడిచాడు

బల్ల మీద మోచెయ్యి ఆనించింది. అంటుకుపోయింది.

చెయ్యి లాక్కుని రుమాలుతో తుడుచుకుంది. జిగట రుమాలుకు పాకిందే తప్ప చెయ్యి వదల్లేదు.

బార్ ఇంకా తెరవలేదు. కుర్చీలన్నీ బల్లల మీద కాళ్లు పైకెత్తుకుని పడున్నాయి. ఫినాయిలు కొట్టి కడిగినా నిన్నటి కక్కు వాసన పోలేదు. ముందున్న ప్లేటులో ఎవరో తిని వదిలేసిన పల్లీలు, వాటిలో గుచ్చి ఆర్పిన సిగరెట్టు ముక్క. కేసులో రాజీ సంగతి మాట్లాడుకుందాం రమ్మని వాళ్లు పిలిచింది ఇక్కడికే.

ఎదురుగా బార్ ఓనరు, పక్కన అతని లాయరు. ఓనరు కారు తాళంతో చెవి గెలుక్కుంటున్నాడు. తాళం బయటికి తీసి, దానికి అంటిందేమిటో చూసుకుని, ప్యాంటుకు తుడిచి మళ్లీ పెట్టాడు. ఆమె వైపు మాత్రం చూడలేదు.

"చూడమ్మా," లాయరు మొదలెట్టాడు. "కారుతో గుద్దినవాడి మీద కేసు పెట్టారు. న్యాయమే. మధ్యలో బార్ ఏం చేసింది? ఎవడో ఎవడినో పొడిస్తే, కత్తులమ్మే కొట్టువాణ్ణి జైల్లో వేస్తామా?"

"కొట్టువాడు కత్తి అమ్మి ఊరుకుంటాడండీ. చెయ్యి పట్టుకుని మరీ పొడిపించడు కదా."

"ఇక్కడెవరు పొడిపించారు?"

ఆమె చెప్పింది. ఇక్కడ ఎవడైనా తాగి వాలిపోతే బల్ల ఖాళీ చేయించాలి. అందుకని మొహాన నీళ్లు కొడతారు. చొక్కా గుండీలు పెడతారు. ఇద్దరు చెరో చంకలో చెయ్యేసి మోసుకెళ్లి కారులో స్టీరింగు ముందు కూర్చోబెడతారు. తాళం కూడా వాళ్లే తిప్పుతారు.

"ఆ రోజూ అదే చేశారు. వాడికి కాళ్లు నిలవకపోయినా పోశారు. పోసి, కారెక్కించి తోలారు. ఆ కారు గేటు దాటుతూనే నా పిల్ల కాలు మీదుగా పోయింది. కోర్టులో ఆ ఒక్క మాటా ఒప్పుకోండి. చాలు."

ఓనరు మొదటిసారి నోరు విప్పాడు. ఆమెతో కాదు.

"ఒప్పుకుంటే లైసెన్సు ఊడుతుందని ఆవిడకి తెలీదా? అడగండి, లాయరు గారూ."

"తెలుసని చెప్పండి," అంది ఆమె కూడా లాయరుకే.

లాయరు మెడ టేబుల్ ఫ్యానులా అటూ ఇటూ తిరిగింది.

ఓనరు చిటికేశాడు. గ్లాసులు తుడుస్తున్న సర్వరు వచ్చి నిలబడ్డాడు.

"ఏరా, ఆ రోజు ఆ కారాయన ఎలా నడిచాడు?"

"తిన్నగానే నడిచాడు సార్." పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "గీత గీసినట్టు నడిచాడు."

"నడిచాడా, నడిపించారా? నా మొహం చూసి చెప్పు," అంది ఆమె.

సర్వరు నేల మీంచి కళ్లెత్తలేదు.

"పాపకెలా ఉందమ్మా?"

"నిన్నడిగింది అదా?" ఓనరు కసిరాడు. "పో!"

సర్వరు గుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఓనరు లాయరు వైపు వంగాడు.

"అసలు పట్టపగలు బార్ గేటు ముందు పిల్లకేం పని? కన్నతల్లి అన్నాక కనిపెట్టుకుని ఉండొద్దా? అది అడగండి ముందు."

"రమ్మంటే వచ్చింది," అంది ఆమె. "వచ్చి బుద్ధిగా గేటు పక్కన నిలబడింది."

లాయరు దగ్గాడు. కాగితం ఒకటి ఆమె ముందుకు జరిపి, దాని మీద పెన్ను పెట్టాడు.

"రెండో ఆపరేషను ఆలస్యమైతే కాలు పొట్టిదైపోతుందన్నారట కదమ్మా డాక్టరు? ఆ ఖర్చంతా సార్ చూసుకుంటారు. తప్పు చేసి కాదు సుమా, జాలిపడి. మీరు చేయాల్సిందల్లా, పిల్లే కారుకి అడ్డం పరిగెత్తిందని ఒక్క ముక్క రాసివ్వడం."

జాలి! తినే ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది ఆమెకు. మింగలేదు, ఉమ్మలేదు.

కానీ కాలు? ఒక్క ముక్క రాస్తే కాలు నిలుస్తుంది. పిల్ల నిద్రపోతుంటే రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, మడమలు సమంగా ఉన్నాయో లేదో తడిమి చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. చూసిన ప్రతిసారీ ఒకటి కాస్త పైకి జరిగినట్టే ఉంటుంది. రేపు బళ్లో పిల్లలు కుంటిదని పిలిస్తే? తన పంతానికి పిల్ల కాలు బలిపెట్టిందని లోకం అంటే?

చెయ్యి పెన్ను దాకా వెళ్లింది. పట్టుకుంది కూడా.

ఓనరు చెవిలోంచి తాళం తీశాడు. దాంతోనే ప్లేటులో సిగరెట్టు ముక్కని పక్కకి నెట్టాడు. మసి అంటని పల్లీలు నాలుగు ఏరి నోట్లో వేసుకున్నాడు.

"త్వరగా తేల్చమనండి," అన్నాడు నములుతూ. "తెరిచే టైమైంది."

ఆమె పెన్ను కింద పెట్టి లేచింది.

"నా పిల్ల పరిగెత్తలేదు. నిలబడింది," అంది లాయరుతో. "మిగతాది కోర్టులో చెబుతానని ఆయనకి చెప్పండి."

"తల పొగరు," అన్నాడు ఓనరు, ప్లేటుతో చెబుతున్నట్టు.

ఇంటికి రాగానే చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. చర్మం ఎర్రబడింది గానీ ఆ వాసన వదల్లేదు. నోరు కూడా పుక్కిలించింది. రెండు మెతుకులైనా తిని అప్పుడు పిల్ల దగ్గరికి వెళ్దామనుకుంది. తినబుద్ధి కాలేదు.

కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, తల్లి అడుగుల చప్పుడు కోసమే చూస్తున్న పిల్ల, ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే మొహం వెలిగించుకుని అడిగింది:

"నాన్న బార్‌కే కదమ్మా వెళ్లొచ్చావు, నా కాలెలా ఉందని అడిగాడా?"