దవడకు ఆనించిన స్క్రూడ్రైవర్

"సేటూ, మత్తయ్య కాక చెవులకు నేను పూచీ," అంది రజిత.

మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లుకు ఆమె వచ్చింది మెకానిక్ మత్తయ్యకు శాలువా కప్పడానికి. డాల్ఫిన్లు ఎలా వింటాయన్న దాని మీద ఆరేళ్లు పరిశోధన చేసి, పోయిన వారమే డాక్టరేట్ తెచ్చుకుంది. తీరా వచ్చేసరికి మిల్లు యజమాని సుధాకర్ ఆయన్ని రేపటి నుంచి రావద్దంటున్నాడు. అరవై రెండేళ్ల మత్తయ్యకు ఆ పని తప్ప ఇంకోటి తెలియదు.

"పొద్దటి సంది ఏదో మిషన్ టకటక కొట్టుకుంటున్నది. మిల్లంత ఇన్నది. ఈయనకు ఇనపడలే! ఇగ మెకానిక్ ఎందుకు?" అన్నాడు సుధాకర్.

"కాకను అడిగిన్రా?"

"కొత్త మెకానిక్ రెండు మిషన్లు ఇప్పి సూసిండు. దొరకలే."

"అంటే కాకను అడగనే లేదు. ఇప్పుడడగండి. ఏ మిషనో చెప్తే కాక ఈడనే ఉంటడు. సరేనా?"

సుధాకర్ గడ్డం గోక్కుని, సరే అన్నాడు.

రజిత మత్తయ్య ఎదురుగా నిలబడి సంగతి చెప్పింది. ఆ మిల్లులో అంతే. మోతలో ఎంత అరిచినా లాభం లేదు, మొహం చూసే మాట్లాడుకుంటారు. మత్తయ్య తలూపి, మూరెడు స్క్రూడ్రైవర్ తీసుకుని లేచాడు. మొన మిషన్‌కు, పిడి తన కింది దవడకు ఆనిస్తూ ఒక్కోదాని దగ్గరా ఆగాడు.

చూస్తుంటే రజితకు చిన్నతనం గుర్తొచ్చింది. ఆమె తల్లి రంగి ఈ మిల్లులోనే నూకలు ఊడ్చేది. బడి లేని రోజుల్లో వెంట వచ్చే పదేళ్ల రజిత దవడకు ఆ పిడిని ఆనించి, "ఇను బిడ్డా, ఇనుము మాట్లాడుతది," అన్నది ఈ మనిషే. అందరూ చెవికి పెట్టుకుంటారు కదా అంటే, "చెవులల్ల ఊక పడ్తది," అని నవ్వేవాడు. చాలా ఏళ్ల తర్వాత కాలేజీలో, డాల్ఫిన్‌కు శబ్దం కింది దవడ గుండా లోపలికి చేరుతుందని చెబితే క్లాసంతా నోరు తెరిచింది. రజిత మాత్రం మత్తయ్యను తలచుకుంది. తన చదువేమిటో ఆ రోజే తేల్చుకుంది. సర్టిఫికెట్‌లో గైడు పేరు ఇంకెవరిదో ఉంది కానీ, ఆమె లెక్కలో అసలు గైడు ఈయనే.

"మూడో నంబర్ పాలిషర్," అన్నాడు మత్తయ్య. "లోపలి బేరింగ్ పగిలింది. ఇప్పుండ్రి."

మిషన్ ఆపి విప్పారు. బేరింగ్ నిజంగానే పగిలి ఉంది.

సుధాకర్ ముఖం చిన్నబోయింది. అయినా మాట తప్పలేదు. "మత్తయ్యా, నీ అసొంటి చెవులు ఈ జిల్లాల లేవు. నీకు ఓపికున్నన్ని రోజులు రా," అంటూ ఆయన భుజం తట్టాడు.

రజిత ఆయనకు శాలువా కప్పి, ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి ఎదురుగా కూర్చుంది.

"నీ వల్లనే కాకా ఇదంత. సముద్రంల నేను రికార్డు చేసిన డాల్ఫిన్లు ఇవి. అమ్మకు గూడ ఇనిపియ్యలే. ముందుగాల నువ్వే ఇనాలె," అంటూ హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు తగిలించి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

మత్తయ్య కళ్లు మూసుకున్నాడు. మెల్లగా తల ఊపాడు. చెంపల మీదికి నీళ్లు జారాయి.

"అబ్బ! ఎంత సక్కగ పాడుతున్నయి బిడ్డా," అన్నాడు.

రజిత ఇంకా రికార్డింగ్ మొదలుపెట్టనే లేదు.