ఊపిరి గొట్టం

"ఎవడు పాతాడు దీన్ని?"

కనాయె అరుపుకి కొండవాలు మీది కాకులన్నీ లేచిపోయాయి. గోతి మీద చదునుగా దిమ్మిస కొట్టించిన బంకమన్ను రాత్రి వానకు పైపైన కొట్టుకుపోయింది. నడిమధ్యలో వెదురు గొట్టం ఒకటి జానెడు తల పైకెత్తి నిలబడింది.

ఆ మన్ను కింద కొండంత కర్ర ఉంది. తుఫానుకు కూలిన దేవదారు మొద్దులు, అడవి పలచన చేస్తే మిగిలిన వంకర దుంగలు, కొమ్మలు, రెమ్మలు. బయట వదిలేస్తే అదంతా కుళ్లి, బతికినన్నాళ్లూ మింగిన బొగ్గుపులుసు వాయువును మళ్లీ ఆకాశంలోకి కక్కేస్తుంది. అందుకని గోతిలో పేర్చి, గాలి చొరకుండా మూసేశారు. కర్ర పేర్చేటప్పుడు ఓసారి గోతిలోకి దిగి చూసివెళ్లిన తనిఖీ అధికారి ఇసొబె ఈ మధ్యాహ్నం మళ్లీ వస్తాడు. వెంట్రుకంత పగులున్నా గొయ్యి మొత్తం తవ్వించే రకం. ఆయన సంతకం పెట్టకపోతే కంపెనీ ఈ కొండను వదిలేస్తుంది, ఇక్కడ పని చేయించే కనాయెను కూడా.

దొంగ ఎవడో ఆమెకు తెలుసు. నేరుగా తొకుజి ముసలాయన ఇంటి మీదికి పోయింది. ఆ గోతి చోటు ఒకప్పుడు ఆయన పొలం. అందులో తాతముత్తాతల నాటి బావి ఉండేది, ఇప్పుడది కర్ర కింద పూడిపోయింది. బావి పూడ్చేటప్పుడు లోపలి నీటిదేవుడికి ఊపిరాడేందుకు వెదురు గొట్టం నిలబెట్టాలని, లేకపోతే ఊరికి అరిష్టమని ముసలాయన మొదటి నుంచీ పోరుతూనే ఉన్నాడు. కుదరదు పొమ్మని ఆమె కసురుతూనే ఉంది.

"నా కొంప ముంచావు కదయ్యా తాతా!"

తొకుజి అరుగు మీద కూర్చుని ముల్లంగి దుంపలు ఎండబెట్టేందుకు తాడుకి కడుతున్నాడు. "పొద్దున్నే ఏంటమ్మాయ్ ఈ గోల?"

"గోతికి చిల్లు పెట్టి గోలంటావా? గొట్టం బయటపడింది."

"గొట్టం పెట్టారా!" ముసలాయన మొహం చాటంతయింది. "ఎవరోగానీ పుణ్యాత్ముడు!"

"నాటకాలాడకు. నువ్వు కాక ఇంకెవరు?"

"నేను పెడితే నేనే పెట్టానని మీసం మెలేసి చెబుతా. నీకు భయపడతాననుకున్నావా? దేవుడి గొంతు పిసికినదానివి, నన్ను దొంగంటావా?"

"నీ దేవుడికి గాలి పెడితే నా కర్ర కుళ్లుతుంది. నా ఉద్యోగం పోతుంది."

"పోతే ఇంకోటి దొరుకుతుంది. బావి దొరుకుతుందా?"

"నీ నోట్లో మన్ను కొట్ట! పద, నీ చేతులతోనే పీకుదువుగాని."

"పీకితే నా చేతులు పడిపోతాయి. చూడ్డానికైతే వస్తా, పద."

ఇద్దరూ దారి పొడుగునా తిట్టుకుంటూనే గోతి దగ్గరకొచ్చారు. తవ్వే యంత్రం తోలే హతనక అక్కడే తచ్చాడుతున్నాడు.

"హతనకా, పీకెయ్ దాన్ని!"

అతను కదల్లేదు. "ఇది నాది కాదు మేడమ్."

"నీదని ఎవరన్నారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది అతని పని. "నాది... దీనికి అడుగు దూరంలో ఉంది. ఇంకా బయటపడలేదు." తల వంచుకున్నాడు. "మా ఆవిడ కడుపుతో ఉంది మేడమ్. ఈ చేతుల్తో బావి పూడ్చి ఇంటికెలా వెళ్లను?"

మన్ను దిమ్మిస కొట్టే షినొ కూడా పార కింద పెట్టింది. "నాది ఇటు పక్క. తిట్టేదేదో ఇద్దర్నీ కలిపి తిట్టెయ్యమ్మా."

తొకుజి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంటి దొంగల్ని వదిలేసి నా ఇంటి మీద పడిందండోయ్!"

"నోర్ముయ్! అందరూ నోర్ముయ్యండి!" కనాయె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత కోపం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. "మరి ఈ నడిమిది ఎవరిది?"

ముసలాయన ఒట్టేశాడు, హతనకా షినొ ఒట్లేశారు, ఎవరిదీ కాదట.

ఆమె వాళ్ల చేత తవ్వించి రెండు గొట్టాలూ తీయించింది. మూడోదాన్ని తనే రెండు చేతులా పట్టుకుని పెకలించి, మోకాలికేసి రెండు ముక్కలు చేసి అవతల పారేసింది. కంతల్లో బంకమన్ను కూరి, ఆమే ఎక్కి తొక్కింది. తొకుజి కళ్లు మూసుకుని గొణుక్కుంటూ నిలబడ్డాడు.

"శపిస్తున్నావా?"

"నిన్ను కాదులే. నీ తరఫున క్షమాపణ చెబుతున్నా."

మన్ను ఇంకా తడిగా ఉండగానే ఇసొబె కారు వచ్చింది. ఆయన ఎవరినీ పలకరించకుండా, గాలి పసిగట్టే యంత్రాన్ని పట్టుకుని గోతి మీద మూలమూలా తిరిగాడు. కనాయె ఆయన వెనకే తిరిగింది. ఆయన యంత్రం కట్టేశాడు.

"ఎక్కడా గాలి దూరడం లేదు," అన్నాడు.

"చీమ కూడా దూరదు సార్!" కనాయె పొంగిపోయింది. "ఎవడో బుద్ధిలేనివాడు దొంగచాటుగా గొట్టం పాతాడు. నేనే పీకి విరిచి పారేశాను, చూడండి."

ఇసొబె అటు చూశాడు. మెల్లగా నడిచి వెళ్లి వెదురు ముక్కల్ని రెండు చేతులా ఎత్తుకుని, మట్టి తుడిచి, వాటికి తల వంచి దండం పెట్టాడు.

"గొయ్యి బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "నేను పాతిన గొట్టాన్ని ఇదివరకు ఉన్నచోటే మళ్లీ పాతించండి, సంతకం అప్పుడు పెడతాను."