శనివారం స్టూడెంట్

“ఆంటీ, మీరు పొరపాటున ఈ గదిలోకి వచ్చినట్టున్నారు. ఇక్కడ లెక్కలు చెప్తారు.”

“లెక్కలకే వచ్చాను తల్లీ. చెప్పేది నువ్వేగా?” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుందావిడ.

అమ్మాయి తెల్లబోయింది. స్కూలు పిల్లలొస్తారనుకుంటే తల నెరిసిన మనిషి వచ్చింది!

అసలు తనను ఈ ఉచిత ట్యూషన్ కేంద్రానికి పంపడమే వింత. డిగ్రీ మొదటి ఏడాది, మొదటి పరీక్షలోనే లెక్కలు తప్పింది. మళ్లీ తప్పితే ఏడాది పోతుంది. ఇదంతా తెలిసిన లెక్చరరే, “శనివారాలు అక్కడికెళ్లి ఊరికే చదువు చెప్పు” అన్నారు.

“ఏం చెప్పమంటారు ఆంటీ?”

“లిమిట్స్.”

సరిగ్గా తనకు రాని పాఠం!

“అంటే... ఎక్స్ సున్నాకి దగ్గరవుతూ ఉంటుంది.”

“దగ్గరై దగ్గరై సున్నా అయిపోదూ?”

“అవదు.”

“ఏం? ఎందుకవదు?”

అమ్మాయి వారమంతా లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి, మరుసటి శనివారం చెప్పింది.

“ఓహో!” అని, ఆంటీ ఇంకో సందేహం బయటికి తీసింది.

ప్రతి శనివారం అదే వరస. తనకు తెలియని చోటే ఆవిడా ఆగిపోయేది. ఈ వయసులో ఇవన్నీ ఎందుకంటే నవ్వేసేది. అమ్మాయికి ఏమీ అంతుబట్టేది కాదు.

వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. రికార్డులు, ల్యాబులు, అసైన్‌మెంట్లు నెత్తిమీద కూర్చున్నాయి. ఆంటీ పాత ప్రశ్నే మళ్లీ అడిగింది.

“మీకిది ఎక్కదు ఆంటీ! మీతో కూర్చుంటే నేను తప్పుతాను. ఇక రాను!”

ఆవిడ ముఖం చిన్నబోయింది. “సరే తల్లీ. బాగా రాయి.”

పరీక్ష హాల్లో పేపరు చూసి అమ్మాయి ఉలిక్కిపడింది. ఏ లెక్క చూసినా ఆంటీకి విడమరిచి చెప్పిందే! పెన్ను ఆగలేదు.

పాసైనట్టు ఫలితాలొచ్చిన రోజే కేంద్రానికి పరుగెత్తింది.

“ఆంటీ ఏరి సార్? క్షమించమని అడగాలి.”

“మానేశారమ్మా,” అన్నాడు ఇన్‌చార్జి. “‘ఓ పిల్లని మరీ విసిగించేశాను, నాకు చేతకావడం లేదు’ అని బాధపడ్డారు. ఊరు కూడా మారిపోయారు.”

“అయ్యో... నా స్టూడెంటే కదా అని నోరు జారాను సార్.”

“స్టూడెంటా?” ఆయన వింతగా చూశాడు. “నేర్చుకోండంటే లెక్కలు తప్పిన మీరెవరూ రారు, నేర్పండంటే వస్తారని ఈ పద్ధతి పెట్టిందే ఆవిడ, లెక్కల ప్రొఫెసర్ గారు. నీకు మెంటర్ ఆవిడమ్మా!”