గుహ ముందు మార్త

జంగప్ప సమాధి మీద బోర్లా పడుకున్నాడు.

"లే జంగప్పా," అన్నాడు కంట్రాక్టరు పాండురంగం. "నీ పెండ్లాన్ని పారేస్తనన్ననా? టేకు పెట్టె చేయించిన. తాండూరు చర్చి జాగల మంచిగ పండుకోబెడ్త."

"నువ్వే పండుకో సేటూ, గా పెట్టెల."

వెనక నిలబడ్డ కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే ఆపుకున్నారు.

అది తాండూరు పక్కన నాపరాళ్ల గని. 1958 చలికాలం. సమాధి వెనకే గుహ నోరు. గుహ కప్పంతా మేలైన నీలిబండ. గడ్డపార మొన దూరిస్తే పొరలు పొరలుగా లేస్తుంది. ఏడాదిగా పాండురంగం కన్ను దాని మీదే ఉంది. అక్కడికి బండ్లు పోవడానికి దారి ఒక్కటే. ఆ దారి నడుమ ఈ సమాధి.

గుహలో ఒక మడుగు ఉంది. అందులో రొయ్యల్లాంటి పురుగులు. తెల్లనివి. గోరంత పొడవు. కళ్లు లేనివి. గోడల మీద అంతే తెల్లటి కీచురాళ్లు. కిందటి చలికాలం చంద్రశేఖర్ అనే కాలేజీ లెక్చరరు హైదరాబాదు నుంచి సీసాలు పట్టుకొని వచ్చి వాటిని చూశాడు. ఇలాంటివి మరెక్కడా చూడలేదన్నాడు. కప్పు లేస్తే ఎండ పడుతుంది, ఎండ పడితే ఒక్కటి కూడా మిగలదన్నాడు. ఆఫీసులకు అర్జీలు పెట్టాడు. జవాబు రాలేదు.

"పురుగుల కోసం గని ఆపాల్నా సార్? రేపు నల్లుల కోసం మంచం ఎండల ఎయ్యొద్దంటవ?" అని పాండురంగం నవ్వాడు. కూలీలంతా నవ్వారు. అప్పుడు జంగప్ప కూడా నవ్వాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. గని మూతపడింది. కూలీలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. జంగప్ప, మార్త మాత్రం గుడిసెలో ఉండిపోయారు. ఆ వానల్లోనే చుట్టుపక్కల ఊళ్లకు కలరా తగిలింది. కూలీలు తిరిగొచ్చేసరికి గుహ ముందు మట్టిదిబ్బ, తలాపున నాపరాయి, రాయి మీద ఉలితో చెక్కిన మార్త పేరు. గుడిసె ముందు జంగప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఏడు అలాంటి దిబ్బలు చాలా లేచాయి.

అప్పటి నుంచి పని దిగగానే అతడు గుహలోకి పోతాడు. దీపం పక్కన పెట్టి, చేతివేలు మడుగులో ముంచి కూర్చుంటాడు. కాసేపటికి తెల్ల పురుగులు వచ్చి వేలిని తడుముతాయి. రోజు మొత్తంలో అతణ్ని తాకేవి అవే.

పాండురంగం వెంట వచ్చిన పాస్టరు ఏసుదాసు వంగి జంగప్ప వీపు తట్టాడు.

"మొదటి పిడికెడు మన్ను నువ్వే తియ్యాలె కొడుకా. అయినోళ్లు తియ్యనిదే గని కూలోళ్లు గడ్డపార ఎయ్యరు. నేను ప్రార్థన చేస్త, తియ్యి."

"నీ ప్రార్థనలు మస్తు ఇన్నది అయ్యగారూ. ఏం బాగుపడ్డది?"

"ఎన్నాళ్లని గిట్ల కావలి కాస్తవు?"

"ఎవరన్న ఒకరు ఉండాలె గద."

పాండురంగానికి ఓపిక తీరింది. "భీమప్పా, ఈని కాళ్లు పట్టి అవతలికి గుంజు. మన్ను నేనే తీస్త. పెట్టె ఇటు పట్కరాండ్రి!"

కూలీల్లోంచి భీమప్ప రెండడుగులు వేశాడు. జంగప్ప పదివేళ్లూ మట్టిలోకి దించి, ముఖం మట్టికి ఆనించాడు.

"ముందు నన్ను తవ్వుర్రా," అన్నాడు. "నా ఎన్కల నీ ఇష్టం."

భీమప్ప ఆగిపోయాడు. చేతిలోని గడ్డపార నేల మీద పడేశాడు.

"మా అవ్వ కూడ గా కలరకే పోయింది సేటూ. గీ పాపం నాతోని కాదు."

మరో గడ్డపార పడింది. తర్వాత ఇంకొకటి. పాండురంగం అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ అతని ముఖం చూడలేదు.

"సావుండ్రి! పోయి పడమటి దిక్కు తవ్వుండ్రి. గీ గుహ జోలికి ఇంక నేను రాను," అని తుపుక్కున ఉమ్మి వెళ్లిపోయాడు. టేకు పెట్టె బండి మీద ఖాళీగా కదిలింది.

అందరూ పోయాక జంగప్ప లేచి కూర్చున్నాడు. వేళ్లు దిగిన చోట మట్టిని మళ్లీ చదును చేశాడు.

పొద్దుటి రైలుకు వచ్చి దూరం నుంచి అంతా చూస్తున్న చంద్రశేఖర్ దగ్గరకు వచ్చాడు.

"నేను అర్జీలతో చేయలేనిది నీ భార్య చేసింది జంగప్పా. ఈ తెల్ల పురుగులకు శాస్త్రంలో ఇంకా పేరు లేదు. నేనే పెట్టాలి. మార్త పేరు పెడతాను. పుస్తకాల్లో శాశ్వతంగా నిలిచిపోతుంది."

"వద్దు సార్."

"ఎందుకు?"

"గా పేరు పెడితే ఇవి కూడ ఉండవు."

చంద్రశేఖర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. జంగప్ప ఆ చెయ్యి తీసేసి, దీపం అందుకొని గుహలోకి వెళ్లిపోయాడు.

అదే వేళకు వికారాబాదులో, ఒక డాక్టరుగారి పెరట్లో అంట్లు తోముతున్న మార్త, తన మొగుడు కిందటి వానల్లో కలరాకు పోయాడని ఆ ఇంటి అమ్మగారికి చెప్పి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.