ముక్కుతాడు లేని తల

గంగిరెద్దు సింగన్న ముక్కుతాడు తెంపుకుని అడవికి వచ్చి పది రోజులైంది. ఆడించేవాడు ఏదో అడిగి తాడు లాగడం, తను తలూపడం, ఇన్నేళ్లూ అదే బతుకు. ఇప్పుడు నచ్చినచోట మేస్తున్నాడు, నచ్చినప్పుడు పడుకుంటున్నాడు.

ఒక పొద్దున నక్క ఓ రంగుల బొంత ఈడ్చుకుంటూ వచ్చింది.

"మామా, రేపు మడుగు దగ్గర అందరూ చేరతారు. ఈ మడుగు నాదేనా అని నిన్నడుగుతాను. ఒక్కసారి తలూపు, చాలు. నువ్వు దేవుడి ఎద్దువి, నువ్వు ఔనంటే ఎవరూ కాదనరు. ఈ బొంత నీది. ఒడ్డున పచ్చికంతా నీదే."

సింగన్న బొంతను వాసన చూశాడు. అద్దాలు కుట్టిన మంచి బొంత. పాతదానికంటే మెత్తగా ఉంది.

"వద్దల్లుడూ" అన్నాడు.

నక్క తెల్లబోయింది. "ఊరూరా తిరిగి వేలసార్లు ఊపిన తలేగా మామా. ఇంకొక్కసారి ఊపితే ఏం పోతుంది?"

సింగన్న బొంత మీదుగా నడిచి మడుగువైపు కదిలాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"అప్పుడు ఊపింది తాడు. ఇప్పుడు ఊపితే, ఊపింది నేనవుతాను."